ఏ కాగితం వచ్చింది?

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఒకరి దయాధర్మం కాదని, అది మన హక్కని ఆ తీర్పు చెప్పింది. కరువు భత్యం, ఆరోగ్య కార్డుల సంగతి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. అమెరికాలో చదువుకు వెళ్ళే మన మనవలు, మనవరాళ్ళ కాగితాల సంగతి.

ఇది పెన్షనర్ల సభలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో మన తెలుగు పిల్లలు ఎందరో మన వీధుల్లో చూస్తే తెలుస్తుంది. ఆ చదువుకు ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? తండ్రి జీతం చాలదు. చివరికి చూపు తాతగారి ఫిక్సెడ్ డిపాజిట్ మీదికి, అమ్మమ్మ పేరు మీదున్న ఇంటి మీదికి వస్తుంది. మన గ్రాట్యుటీ, మన కమ్యుటేషన్ సొమ్ము ఈ కాగితాలతో ముడిపడి ఉన్నాయి. అందుకని ఈ సభలోనే మాట్లాడాలి.

ఈ విషయంలో నాకు పాండిత్యం ఏమీ లేదు. ముప్పై మూడేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు చూశాను. 2024లో మా మనవరాలి కాగితాల వెంట దాదాపు ఏడాది తిరిగాను. ఆ అనుభవమే చెబుతాను.

2024 మార్చిలో ఒక రాత్రి మా అమ్మాయి కూతురు ఫోను చేసింది. "తాతయ్యా, అడ్మిట్ వచ్చింది!" అంది. మా ఆవిడ దేవుడి ముందు దీపం పెట్టింది. మర్నాడు పది గంటలకల్లా నేను డిపాజిట్ రసీదులు సంచిలో పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. గడువుకు ముందే డిపాజిట్ రద్దు చేస్తే వడ్డీలో కోత పడుతుందని తెలుసు. అయినా పిల్ల చదువు కదా అనుకున్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి రసీదులు చూసి, "ఐ-20 వచ్చిందా సార్?" అని అడిగింది. ఐ-20 అంటే ఏమిటో నాకు తెలియదు. "సీటు వచ్చిందమ్మా" అన్నాను. "అయితే ఇంకా తొందర లేదు సార్. ముందు ఏ కాగితం వచ్చిందో చూసుకోండి" అంది.

నా కూతురికంటే చిన్నది. ఆ పిల్ల చెప్పిన ఆ ఒక్క మాటే ఈరోజు మీకు చెప్పడానికి వచ్చాను.

ఇంటికి వచ్చి ఆ ఉత్తరాన్ని అచ్చు తీయించి, మన పాత అలవాటు ప్రకారం మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు చదివాను. అందులో అభినందనలు ఉన్నాయి. వాటి కిందనే, ఇంగ్లీషు పరీక్షలో కావలసిన మార్కులు ఇంకా అందలేదు కనుక ఇది షరతుతో కూడిన ప్రవేశమని, ఆ షరతు తీరాకే ఐ-20 పంపుతామని ఉంది. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ తిరిగి ఇవ్వబడదని కూడా ఉంది. ఆ డిపాజిట్ కట్టడానికే నేను పొద్దున బ్యాంకుకు పరుగెత్తింది! మా మనవరాలు మూడు వారాల తరువాత పరీక్ష మళ్ళీ రాసింది, మార్కులు వచ్చాయి, షరతు తీరింది. అప్పుడు కట్టాం. ఆ మార్కులు రాకపోతే ఆ సొమ్ము గంగలో కలిసినట్టే.

మనందరం ఉద్యోగాలు చేసినవాళ్ళం. సెలక్షన్ లిస్టులో పేరు రావడం ఒకటి, పోస్టింగ్ ఆర్డరు చేతికి రావడం ఒకటి, జాయినింగ్ రిపోర్టు ఇవ్వడం ఒకటి. మూడూ వేరని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పిల్లల చదువు కాగితాలూ అంతే.

మొదటిది ప్రవేశ నిర్ణయం. దరఖాస్తు పెట్టాక దాని స్థితి ఏమిటో విశ్వవిద్యాలయం కంప్యూటర్లో చూపిస్తూ ఉంటుంది. అక్కడ 'కంప్లీట్' అని కనిపిస్తే సీటు వచ్చిందని అర్థం కాదు. కావలసిన కాగితాలన్నీ అందాయి, ఫైలు పరిశీలనకు వెళ్తుంది అని మాత్రమే. 'ఇన్‌కంప్లీట్' అంటే ఏదో మార్కుల పత్రమో, సిఫారసు లేఖో అందలేదని. 'వెయిట్ లిస్ట్' అంటే ఖాళీ వస్తే పిలుస్తామని. 'అడ్మిట్' అన్నా కింద షరతు ఉందేమో చూడాలి. షరతులన్నీ ఒక రకం కావు. చివరి సెమిస్టరు మార్కులు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తరువాత పంపమనడం మామూలే. చదువుకు కావలసిన అర్హతే ఇంకా తీరలేదని ఉంటే మాత్రం అది సెలక్షన్ లిస్టు కూడా కాదు, పరీక్షకు హాల్ టికెట్ లాంటిది.

రెండవది ఐ-20. ఇది మన పోస్టింగ్ ఆర్డరు. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించిన విద్యాసంస్థే దీన్ని ఇస్తుంది. పైన 'ఎన్' అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరు ఉంటుంది. చదువు పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఏడాదికి అయ్యే ఖర్చు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో అన్నీ ఉంటాయి. సంస్థ అధికారి, విద్యార్థి ఇద్దరూ సంతకం చేయాలి. ఇది వచ్చిన రోజున తాతగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి పాస్‌పోర్టుతో సరిచూడడం మంచిది. మా పిల్ల ఐ-20లో పుట్టిన తేదీ తారుమారైంది. వాళ్ళు నెల ముందు, తేదీ తరువాత రాస్తారు. మనం తేదీ ముందు రాస్తాం. జూలై 4 కాస్తా ఏప్రిల్ 7 అయి కూర్చుంది. ఉత్తరం రాస్తే నాలుగు రోజుల్లో సరిచేసి పంపారు. ఆ తప్పుతోనే వీసాకు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో!

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన పదో తరగతి పత్రాల్లో ఇంటిపేరు ఒక్కోసారి పొడి అక్షరంగా, ఒక్కోసారి పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవారూ ఉన్నారు. అప్పుడు అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు ఉండవలసినచోట 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, పెన్షను ఆర్డరులో ఒక పేరు ఉంటే ఎన్ని తిప్పలో మనకు తెలియనిది కాదు. దరఖాస్తులు మొదలుపెట్టకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవాలి.

మూడవది వీసా. ఐ-20 వచ్చాక సెవిస్ రుసుము కట్టాలి. 2019 జూన్ నుంచి అది ఎఫ్-1 విద్యార్థికి 350 డాలర్లు. డి.ఎస్.-160 అనే దరఖాస్తును కంప్యూటర్లో నింపాలి. వీసా దరఖాస్తు రుసుము వేరు. 2023 జూన్‌లో దాన్ని 185 డాలర్లు చేశారు. ఈ రుసుములు మారుతూ ఉంటాయి కనుక కట్టే రోజున ప్రభుత్వపు సొంత వెబ్‌సైటులోనే చూసుకోవాలి. 2025 జూన్ నుంచి, విద్యార్థులు సామాజిక మాధ్యమాల్లోని తమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని కూడా అడుగుతున్నారు. పిల్లలు సరదాకు రాసిన రాతలు కూడా అధికారి చూడవచ్చన్నమాట.

ఆ తరువాత ఇంటర్వ్యూ. 1990లలో మన పిల్లలు ఈ ముద్ర కోసం రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళేవారు. 2009 నుంచి హైదరాబాదులోనే, బేగంపేట పైగా ప్యాలెస్‌లో వీసాలు ఇచ్చారు. 2023 మార్చిలో కాన్సులేటు నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. ప్రయాణం తగ్గింది కానీ గుండెదడ తగ్గలేదు.

ఇంటర్వ్యూ సంగతికి ముందు డబ్బు సంగతి చెప్పాలి. ఐ-20 ఇవ్వడానికి ముందే, మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము ఉందని విశ్వవిద్యాలయానికి చూపించాలి. మా పిల్లకు 38,000 డాలర్లు, అప్పటి లెక్కకు సుమారు రూ. 32 లక్షలు. నా డిపాజిట్లు రూ. 9 లక్షలు. అల్లుడుగారి దగ్గర రూ. 6 లక్షలు. ఆస్తి హామీ లేకుండా బ్యాంకు ఇస్తానన్నది రూ. 7.5 లక్షలు. అంతా కలిపినా రూ. 9.5 లక్షలు తక్కువ.

ఆ సమయంలో ఒక కన్సల్టెన్సీవారు అల్లుడుగారికి దారి చూపారు. ఎవరో వ్యక్తి ఆ సొమ్ము అల్లుడుగారి ఖాతాలో పదిహేను రోజులు వేసి ఉంచుతాడు. బ్యాంకు సర్టిఫికెట్ తీసుకున్నాక వెనక్కి తీసుకుంటాడు. దానికి కొంత కమీషను. "అందరూ చేసేదే మామయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. ఆయన చెడ్డవారు కారు. కూతురి కోసం కంగారు పడుతున్న తండ్రి. నేను ఒప్పుకోలేదు. మా అమ్మాయి, "నీ రూల్సు నీ ఆఫీసులోనే అయిపోయాయి నాన్నా, ఇది పిల్ల జీవితం" అని ఏడ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా భోజనం చేయలేదు.

పిల్ల జీవితం కనుకనే ఒప్పుకోలేదని వాళ్ళకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ దరఖాస్తు మీద సంతకం తాతది కాదు, తండ్రిది కాదు, కమీషను తీసుకున్నవాడిదీ కాదు. పిల్లది. తప్పుడు కాగితం చూపినట్టు తేలితే అమెరికా చట్టం ప్రకారం వీసాకు శాశ్వతంగా అనర్హురాలు కావచ్చు. ఇరవై రెండేళ్ళ పిల్ల పేరు మీద ఆ మచ్చ ఉండిపోతుంది.

మరి మిగిలిన సొమ్ము ఎలా? మా ఆవిడ పేరు మీద ఇల్లు ఉంది. దాన్ని హామీ పెడితే రుణం రూ. 17 లక్షల దాకా ఇస్తామన్నారు. మా ఆవిడ అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "పిల్లకు వీసా రాకపోతే ఇల్లేమవుతుంది?" గదిలో ముగ్గురు డిగ్రీ చదివినవాళ్ళం ఉన్నాం. ఎవరికీ జవాబు తెలియదు. మర్నాడు బ్యాంకుకు వెళ్ళి అడిగాను. రుణం మంజూరు కావడం వేరు, విడుదల కావడం వేరు అని మేనేజరుగారు చెప్పారు. ఐ-20కి, వీసాకు మంజూరు పత్రం చాలు. వీసా వచ్చి, ఫీజు కట్టే రోజున సొమ్ము విడుదల చేస్తే అప్పటినుంచే బాకీ. వీసా రాకపోతే బాకీ లేదు. ప్రాసెసింగ్ రుసుములాంటి చిన్న ఖర్చులు మాత్రం పోతాయి. అలాగే నా డిపాజిట్లు రద్దు చేయనక్కరలేదు, ఇంత నిల్వ ఉందని బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం చాలు. బడ్జెట్ కేటాయింపు వేరు, ఖజానా నుంచి చెల్లింపు వేరు అని ముప్పై మూడేళ్ళు ఇతరులకు చెప్పినవాణ్ణి, నా సొంత సొమ్ము దగ్గర ఆ తేడా మరిచిపోయాను.

డబ్బు చూపించడం వేరు, డబ్బు కట్టడం వేరు. మీరు ఈ రోజు మాటలన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. మా ఆవిడ సంతకం పెట్టింది.

2024 జూన్‌లో ఇంటర్వ్యూ. పిల్ల ఒక్కతే లోపలికి వెళ్ళింది, మనల్ని రానివ్వరు. మేము రోడ్డు మీద నిలబడ్డాం. బయటికి వచ్చేసరికి చేతిలో పాస్‌పోర్టు, ఒక తెల్ల కాగితం ఉన్నాయి. పాస్‌పోర్టు చేతికిచ్చి పంపేశారంటే వీసా రానట్టే. కాగితం మీద 214(బి) అని ఉంది. చదువు అయ్యాక తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగనప్పుడు ఆ సెక్షను కింద తిరస్కరిస్తారు. చట్టంలోనే, దరఖాస్తుదారు స్థిరపడడానికి వస్తున్నట్టుగా ముందు భావించాలి, కాదని నిరూపించుకోవలసింది దరఖాస్తుదారే అని ఉంది. ఫలానా కాగితం లోపించిందని చెప్పరు. దాని మీద అప్పీలు లేదు. మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. 221(జి) అని మరొకటి ఉంది. అది మన ఖజానాలో అభ్యంతరం రాసి బిల్లు వెనక్కి పంపడం లాంటిది. అడిగిన కాగితం ఇస్తేనో, వారి పరిశీలన పూర్తయితేనో ఫైలు కదులుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక బెంబేలెత్తిపోయేవారు చాలామంది.

ఆ రోజు కారులో ఎవరూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక నేను ఒక కాగితం మీద లెక్క వేశాను. పోయినవి రుసుములు, సీటు డిపాజిట్. ఉన్నవి ఇల్లు, నా ఫిక్సెడ్ డిపాజిట్లు, విడుదల కాని రుణం, మచ్చలేని దరఖాస్తు. ఆ కాగితం పిల్లకు చూపించాను. "మళ్ళీ వెళ్దామా అమ్మా?" అన్నాను.

విశ్వవిద్యాలయానికి రాస్తే ప్రవేశాన్ని 2025 జనవరికి వాయిదా వేసి, కొత్త తేదీలతో ఐ-20 పంపారు. మేము కట్టిన సీటు డిపాజిట్ కూడా దానికే వర్తింపజేశారు. అన్నిచోట్లా అలా చేస్తారని కాదు, అడిగి తెలుసుకోవాలి. తిరస్కరణ జరిగిన పన్నెండు నెలల లోపు అదే తరగతి వీసాకు మళ్ళీ వెళ్తే సెవిస్ రుసుము రెండోసారి కట్టనక్కరలేదు. వీసా రుసుము మాత్రం మళ్ళీ కట్టాలి. మొదటిసారి కన్సల్టెన్సీవారు ఇచ్చిన జవాబులు బట్టీ పట్టి వెళ్ళింది. రెండోసారి అవి పక్కన పెట్టి, తాను ఏం చదవబోతోందో, ఎందుకో తన మాటల్లో చెప్పింది. ఖర్చు ఎవరు పెడతారని అడిగితే, "మా తాతయ్య డిపాజిట్లు, మా అమ్మమ్మ ఇంటి మీద రుణం, మా నాన్నగారి పొదుపు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. వీసా వచ్చింది. మొదటిసారి ఎందుకు రాలేదో, రెండోసారి ఎందుకు వచ్చిందో మాకు ఎవరూ చెప్పలేదు. మా ఆవిడను అడిగితే చిలుకూరు బాలాజీ అంటుంది. మొక్కుబడి ప్రకారం 108 ప్రదక్షిణలు చేసి వచ్చింది కూడా.

వీసా వచ్చాకే విమానం టిక్కెట్టు కొన్నాం, రుణం విడుదల చేయించాం. ఐ-20లోని ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు ఆ దేశంలోకి రానివ్వరు. అక్కడి విమానాశ్రయంలో అధికారి మరోసారి కాగితాలు చూస్తాడు. కనుక ఐ-20, డబ్బు పత్రాలు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. అక్కడ అనుమతి దొరికి, విశ్వవిద్యాలయంలో హాజరు చెప్పుకున్నాకే జాయినింగ్ రిపోర్టు ఇచ్చినట్టు.

మరొక్క మాట. ఐ-20 వచ్చింది కదా అని కళ్ళు మూసుకోకూడదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులో మన తెలుగు పిల్లలు చాలామంది. సగం మందికిపైగా ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు చిరునామాలు చూపారు. కొందరు పిల్లల కాళ్ళకు నిఘా పట్టీలు తొడిగిన బొమ్మలు మన పత్రికల్లో చూసి ఎందరు తల్లిదండ్రులు కుమిలిపోయారో! 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది దొంగ దరఖాస్తులను పట్టుకోవడానికి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి సంస్థ. అక్కడ పాఠాలే లేవు. ఈ రెండు చోట్లా ఐ-20 కాగితం ఉంది, చదువు లేదు. అందుకని పిల్లలను సూటిగా అడగండి: తరగతులు ఎక్కడ జరుగుతాయి? వారానికి ఎన్ని రోజులు? పాఠం చెప్పేవారు ఎవరు? "చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చు, తరగతులకు వెళ్ళనక్కరలేదు" అని ఎవరైనా అంటే, అక్కడితో ఆ మాట ముగించేయండి.

ఇల్లు హామీ పెట్టమని గానీ, పెట్టవద్దని గానీ నేను చెప్పను. ఎవరి సంసారం వారిది. మందులకు, మనకు రేపటి అవసరాలకు కొంత పక్కన ఉంచుకోవడం మాత్రం స్వార్థం కాదు. పిల్లలు అడిగినప్పుడు వెంటనే రసీదులు తీయకండి, వెంటనే కాదనకండి. "ఏ కాగితం వచ్చింది? చూపించు" అనండి. పక్కన కూర్చుని చదవండి. మనం చేతగానివాళ్ళం కాము. జీవితమంతా కాగితాలు చదివే బతికాం.

మా మనవరాలు ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. మొన్న నేను, "లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశానమ్మా, పెన్షనుకు ఇబ్బంది లేదు" అన్నాను. అటునుంచి వెంటనే అడిగింది.

"ఇచ్చావు సరే తాతయ్యా, రసీదు వచ్చిందా?"

రాలేదు. సోమవారం వెళ్ళి తెచ్చుకున్నాను.